రాట్నంపిట్టల లెక్క

ముప్ఫై ఒక్కేళ్లు తెల్లవారుజామున డిపోలోంచి బయల్దేరే మొదటి బస్సు నాదే. అందుకని రిటైరైన మర్నాడే ఇంట్లో చెప్పేశాను, ఏడింటికి ముందు నన్ను లేపినవాళ్లతో ఇక నాకు మాటల్లేవని. ఆ ప్రతిజ్ఞ మూడు నెలలు కూడా నిలవలేదు. మా ఆవిడకి మోకాలు వాచింది, డాక్టరు కారు నడపొద్దన్నాడు. ఎండాకాలంలో మూడు ఉదయాలు కొండ మీది రిజర్వాయరు గట్టున కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టకపోతే ఆవిడకి అది ఏడాదే కాదు.

ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. ఊళ్లో సగంమందికి, నాతో సహా, టీచరమ్మే. ఇరవై రెండేళ్లుగా పక్షుల సంఘానికి లెక్క పంపుతోంది, అదీ ఒకే ఒక్క పిట్ట లెక్క. దాన్ని రాట్నంపిట్ట అంటుంది. పిడికెడు కూడా ఉండదట, మట్టిరంగట, గడ్డిలోంచి బయటికే రాదట. కంటికి దొరకదు కాబట్టి చెవితోనే పట్టాలి. ఎండెక్కేలోపు ఏ మూల నుంచి పాట వినబడితే, ఒళ్లోని పటం మీద ఆ మూల ఒక చుక్క పెడుతుంది.

"పిట్టని చూడకుండా పిట్టల్ని చూడ్డానికి వెళ్లడమేంటి?" అన్నాను మొదటిరోజు కొండెక్కుతూ.

"మీరు ఇంజను విప్పకుండానే దాని రోగమేంటో చెప్పేవారు కాదూ? ఇదీ అంతే."

నా నోరు మూతపడింది. గట్టు మీదికి వెళ్లాక అది మూసే ఉంచాలని కూడా చెప్పింది. అక్కడ చట్టం ఒక్కటే, మాట్లాడకూడదు. "నోరు విప్పారంటే కారు దాకా నడిపించి తాళం వేసేస్తాను" అంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఈవిడంటే ఎందుకు హడలిపోతారో అప్పుడు తెలిసింది.

కింద ఊళ్లో ఉక్కపోత, పైన స్వెట్టరు చలి. నీటి మీద పొగమంచు కదులుతోంది. ఒక నీటికోడి నాలుగు పిల్లల్ని వెంటేసుకుని మా ముందే ఈదుకుంటూ పోయింది. చివరి పిల్ల అస్తమానం వెనకబడి పరిగెడుతుంటే నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మా ఆవిడ కళ్లు మూసుకుని, పెన్సిలు చేత్తో పట్టుకుని కూర్చుంది. అంతా బాగానే ఉంది గానీ, పంపు షెడ్డు వైపు నుంచి ఒకటే రొద. సన్నగా, ఎడతెరిపి లేకుండా, బేరింగు పోయిన మోటారులా. ఇంత ప్రశాంతమైన చోట ఆ మోటారుకి చుక్క గ్రీజు పెట్టే నాథుడే లేడా అని ఒళ్లు మండింది. కానీ చట్టం చట్టమే కదా, నోరెత్తలేదు.

పటం మీద ఒక్క చుక్కా పడలేదు.

రెండోరోజూ అదే వరస. రొద ఈసారి రెండువైపుల నుంచీ వస్తోంది, గట్టుకి తగిలి తిరిగొస్తోంది కాబోలనుకున్నాను. పటం మళ్లీ ఖాళీ. తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక షెడ్డు దగ్గర కారాపి, ఆవిడని కార్లోనే కూర్చోబెట్టి దిగాను. పంపు ఆపరేటరు పళ్లు తోముకుంటున్నాడు.

"ఏమయ్యా, మోటారు అలా ఏడుస్తుంటే నీ చెవులకి ఆనట్లేదా?"

"ఏ మోటారండీ?" అన్నాడు నురగ ఉమ్మేసి. "మా మోటారు విప్పి రిపేరుకి పంపి నెలైంది. కావాలంటే చూసుకోండి." తలుపు తీశాడు. లోపల నాలుగు బోల్టులూ, ఒక బల్లీ ఉన్నాయి.

అయోమయంగా వచ్చి కారెక్కాను. మా ఆవిడ నేనెందుకు దిగానో కూడా అడగలేదు.

"మొదట్లో పదకొండు ఉండేవి," అంది రోడ్డు వైపే చూస్తూ. "తర్వాత ఏడు. పోయినేడు నాలుగు. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఎండాకాలం మధ్యలో గట్టు మీద గడ్డి కోసేస్తారు, ఎన్ని ఉత్తరాలు రాసినా వినరు. రేపు కూడా వినబడకపోతే సున్నా రాసి, లెక్క రాసిన పుస్తకాలన్నీ సంఘం వాళ్లకిచ్చేస్తాను. ఇంక ఈ కొండెక్కనండీ. చచ్చిపోయినవాళ్లింటికి వెళ్లినట్టుంది."

గేరు మార్చాను.

ఆ పగలు నేను గడ్డం గీసుకుంటుంటే మనవరాలు ఫోన్ చేసింది. దానికి అన్నిటికీ కారణం కావాలి, అచ్చం అమ్మమ్మే. రాట్నంపిట్ట అని ఎందుకన్నావు అని అడిగినట్టుంది. వంటింట్లోంచి టీచరమ్మ గొంతు వినబడింది: "రాట్నం గబగబా తిప్పితే ఎలా ఉంటుంది? సన్నగా, సర్రుమని, అలాగే ఊపిరి పీల్చుకోకుండా రెండేసి నిమిషాలు పాడుతుందమ్మా. కొత్తవాళ్లు అది పిట్టంటే నమ్మరు. ఏదో మిషననుకుంటారు."

నా చేతిలో రేజరు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే పెరటి గదిలో వాషింగ్ మెషీను పనైపోయిందని సన్నగా కూత పెట్టింది. ఆ కూత ఎన్నిసార్లు కూసినా ఆవిడ కదలదు. బట్టలు నాచేత ఆరేయించడానికి వేసిన ఎత్తని ఏళ్ల తరబడి సణిగాను. ఆ రోజు సగం నురగ మొహంతోనే వెళ్లి ఆరేశాను. ఆ పుస్తకంలో ఏటేటా తగ్గుతూ వచ్చింది పిట్టలు కావు.

చెబితే, మాటలు వినబడుతున్నా సన్నటి చప్పుళ్లకి ఆవిడ చెవులు పోయాయని చెప్పినట్టు. చెప్పకపోతే పిట్టలన్నిటినీ నేనే చంపినట్టు. మూడోరోజు కొండెక్కేటప్పుడు నా స్టీరింగు పట్టు చూసి, "నిద్ర చాల్లేదా?" అని అడిగింది పాపం.

తెల్లారింది. మంచు కాస్త విడింది. పంపు షెడ్డు వైపు, తూము పక్క గడ్డిలోంచి రొద మొదలైంది.

"టీచరమ్మా."

కొరకొరా చూసి, పెదవుల మీద వేలు పెట్టింది.

"నువ్వు నన్ను కార్లో పెట్టి తాళం వేసినా సరే. నీ పిట్ట పాడుతోంది. ఆ తూము పక్కన. నిన్నా పాడింది, మొన్నా పాడింది. నేను మోటారనుకున్నాను."

ఆవిడ అటు తిరిగింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. ఆ మొహం చూడలేక నీళ్ల వైపు చూశాను.

"నాకేం వినబడట్లేదండీ."

"తెలుసు."

"కీచురాయేమో."

"కీచురాయైతే మాత్రం నీకూ వినబడాలి కదా."

పెన్సిలు పటం మీద పెట్టేసింది. "ఇంకా ఏమేం వినబడట్లేదు నాకు?" అంది చివరికి, చిన్నగా.

"వాషింగ్ మెషీను కూత. నాలుగేళ్లయి ఉంటుంది. నాటకమనుకున్నాను."

నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లనీళ్లొచ్చాయి. చీరచెంగుతో తుడుచుకుని, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే అవి పోలేదా?"

"పోలేదు."

"నిజంగా? నా కోసం చెప్పట్లేదు కదా?"

"నీ కోసమే చెప్పాలనుకుంటే నీ చెవులు బాగున్నాయని చెప్పేవాణ్ని."

అప్పుడు నమ్మింది. ముక్కు చీదుకుని, పెన్సిలు తీసి, మళ్లీ టీచరైపోయింది. ఏ వైపో వేలు పెట్టి చూపించమంది. రెండూ ఒకేసారి పాడితేనే రెండుగా లెక్క, ఒకటే చోటు మారి పాడితే కాదంది. ఒక్కోదాన్నీ మూడేసిసార్లు అడిగి నన్ను విసిగించింది, నేను ఒక్కసారీ విసుక్కోలేదు. తొమ్మిది చుక్కలు పడ్డాయి. అడుగున తేదీ వేసి, "విన్నది: డ్రైవరుగారు" అని రాసుకుంది. నా జీవితంలో అంత పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు.

ఎండ కొండ అంచు మీదికొచ్చింది. ఇక లేద్దామనుకుంటుంటే అడిగింది, "తూము దగ్గరది ఇంకా పాడుతోందా?"

"పాడుతోంది."

అరచెయ్యి నా ఒళ్లో పెట్టింది. "ఇక్కడ వాయించండి. అది పాడినంతసేపూ."

స్టీరింగు పట్టి కాయలు కాసిన నా వేలి కొసలతో ఆ అరచేతిలో గబగబా, సన్నగా, ఎడతెరిపి లేకుండా వాయించాను. ఆవిడ కళ్లు మూసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ గట్టు మీద ఆవిడ మొహం ఇలా ఉండేదన్నమాట, నేను బస్సు తోలుకుంటూ ఉన్నప్పుడల్లా. ఎంత పోగొట్టుకున్నానో అనిపించింది.

కాసేపటికి పిట్ట పాట ఆపేసింది. నేను ఆపలేదు.