కాటా ఊగిన వేళలు

పెద్దకొడుకు పోయిన మరుసటి ఏడు, అసిరయ్య రాయగడలోని తన చింతపండు కొట్టును విధవ కోడలు గౌరి పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించాడు. సలహా నాదే. విల్లు రాస్తే అది ఆయన తదనంతరమే అమలవుతుంది. దామంజోడిలో ఉన్న చిన్నకొడుకు రఘు అడ్డం తిరిగితే, విల్లు నిజమైనదేనని గౌరి కోర్టులో రుజువు చేసుకోవాలి. బతికుండగానే ఇచ్చేస్తే ఆ బెడద ఉండదు. జీవితాంతం కొట్లో కూర్చునే హక్కు ఆయనకుంటుందని కూడా రాయించాం.

నేను సాక్షి సంతకం చేస్తుంటే ఆయన అడిగాడు.

"ఏటి మేస్టారూ, కొట్టు కోడలిదైపోనాది. రేపట్నుంచి నానక్కడ కూకుంటే నన్నేటంటారు?"

"దెయ్యమంటారు," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి గద్దె ఎక్కడం మానేసి, వేలాడే పెద్ద కాటా పక్కన గోనె పరుచుకుని కూర్చునేవాడు. బేరం లేనప్పుడు కాటా పళ్ళేన్ని వేలితో ఊపుతూ ఉండేవాడు. మూడేళ్ళకు పోయాడు.

నెల తిరక్కుండానే గౌరి కబురు పంపింది. పొద్దున్న తలుపు తీసేసరికి కాటా ఊగుతోందట.

"కొట్టు నాకిచ్చీడం మావయ్యగోరికి ఇష్టం నేదు మేస్టారూ. రఘుకి రాసిచ్చేస్తాను."

"రఘు అడిగాడా?"

"ఆయనడగనేదు. కాటా అడుగుతన్నాది."

ఆమెకూ, బడికెళ్ళే కూతురు బిందుశ్రీకీ ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు. భౌతికశాస్త్రం ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి. పుస్తకమూ గడియారమూ పట్టుకుని పదకొండు ఉదయాలు అక్కడ కూర్చున్నాను. కాటా ఊగిన ప్రతిసారీ వెనక పట్టాల మీద గూడ్సుబండి వెళుతోంది. వేళలన్నీ రాసి చూపించాను.

"అయితే రైలేనా?"

"రైలే."

రఘు పేర రాయించిపెట్టుకున్న కాగితాలు ఆమె పొయ్యిలో పడేసింది.

పన్నెండో ఉదయం స్టేషనులో తెలిసింది: వానకు కొండ విరిగిపడి, రాత్రి నుంచి ఒక్క బండీ నడవలేదని. నేరుగా కొట్టుకు వెళ్ళాను. గాలి లేదు. కాటా ఊగుతోంది. ఎవరూ తోయకపోతే ఊగే వస్తువు క్రమంగా నెమ్మదించాలి. నలభై ఊపులు లెక్కపెట్టాను. నెమ్మదించలేదు.

వెనక గదిలోంచి గౌరి గొంతు, హుషారుగా: "మేస్టారూ, కాటా ఊగతన్నాదా? బండొచ్చినట్టుంది!"

పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"బండే అమ్మీ," అన్నాను.

పుస్తకంలో ఆ రోజు ఏమీ రాయలేదు. పళ్ళెం మాత్రం నా చేతుల్లో ఇంకా కొంచెం లాగుతూనే ఉంది.