పుండు వయసు

జనగామ నుంచి మానుకోట మీదుగా భూపాలపల్లి దాకా ఎన్ని పశువుల అంగళ్లు జరుగుతాయో, అన్నింటిలోనూ పోశాలు మాటే చెల్లుబాటు. గొడ్డు విషయంలో అతని మాట ఒక్కసారి కూడా తప్పలేదు. పళ్లు చూసి వయసు చెప్పే బేరగాళ్లు ఊరికొకరుంటారు. పోశాలు నీడ చూసి చెబుతాడు. ఒకసారి గంగారం అడవిదారిలో పులి గాండ్రిస్తే నలుగురు బేరగాళ్లు చెట్టెక్కారు. ముగ్గురు ఇంటిదేవుణ్ని తలుచుకుంటుంటే నాలుగో కొమ్మ మీదున్న పోశాలు చెవి రిక్కించి, "భయపడకుండ్రి. గొంతు బొంగురువోయింది, ముసల్ది. కింది పన్ను ఊగుతున్నది, మనల్ని నమలలేదు" అన్నాడట. ఆ మాట విని పులి సిగ్గుపడి వెళ్లిపోయిందట.

అంతటి పోశాలు, కార్తీకం చివర్లో ఒక పొద్దున లింగాల ఘనపూర్ దగ్గరి తన ఊరి నుంచి ఆటో మాట్లాడుకుని జనగామ బయలుదేరాడు. ఈసారి చూడబోయేది గొడ్డును కాదు. మంచం పట్టిన ముసలివాళ్లను ఉంచుకుని చూసే ఒక ఆశ్రమాన్ని. అందులో అతని అక్క కొంరవ్వ ఉంది.

కొంరవ్వ అంటే పోశాలుకు అక్కా, తల్లీ రెండూ. కన్నతల్లి పురిట్లోనే పోతే ఈ అక్కే అతన్ని చంకనేసుకుని తిరిగింది. మొగుడు పోయాక, పిల్లలు లేక, తమ్ముడి ఇంటికే వచ్చేసింది. మొన్న వానాకాలం, నాట్లు పడుతున్నప్పుడు వాకిట్లో కాలు జారి తుంటి బొక్క విరిగింది. ఆ వయసులో కోత తట్టుకోలేదన్నారు దవాఖానలో. మంచంలో వేశారు. దీపావళి రాగానే పోశాలు కొడుకు నగేష్ ఎవరినీ అడక్కుండా మేనత్తను తీసుకెళ్లి జనగామ ఆశ్రమంలో పెట్టి వచ్చాడు. జనగామ ఎరువుల దుకాణంలో గుమస్తా అతను. ఎందుకు పెట్టినవురా అంటే నేల చూశాడు. కోడలు రేణుక పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి పోశాలుకు ఊళ్లో తలెత్తుకునే వీలు లేదు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే ప్రతాప్ అనే వాడొకడు, ఎప్పుడూ వేలు పెట్టి గెలికే రకం, అందరికీ వినబడేట్టు అనేవాడు: "ఏమే పోశాలన్నా, ముసలెద్దును సుత కోతకు అమ్మనోనివి, అక్కను తోలేసినవా?"

పోశాలు చాయ్ సగంలోనే వదిలేసి లేచేవాడు.

చివరికి కొడుకుతో తెగేసి చెప్పాడు. "నేను పోయి చూస్త. ఒక్క ఐబు కనబడ్డా అక్కను ఆటోలేసుకొని వస్త."

"నీ ఇష్టం బాపు," అన్నాడు నగేష్. "నీ అంత చూసెటోడు లేడు గద. మంచిగ చూసి రా."

ఐబు అంటే లోపం. గొడ్లకుండే ఐబులు పోశాలుకు తెలిసినన్ని ఇంకొకరికి తెలియవు. ఈ ఆశ్రమంలో ఒక్కటి దొరక్కపోతుందా? దొరకాలి. దొరికితే అక్క ఇంటికొస్తుంది, ప్రతాప్ నోరు మూతపడుతుంది. ఆటో నడిపే రమేశ్‌కు ముందే చెప్పాడు: "వెనక సీట్ల బొంత పరువు. వచ్చేటప్పుడు మనిషి ఉంటది."

చెప్పకుండా వెళ్లాడు. పాలవాడి దగ్గర గేదెను చూడాలంటే పాలు పితికే వేళకు వెళ్లకూడదు, వాడు సిద్ధంగా ఉంటాడు. ఎవరూ అనుకోని వేళ వెళ్లాలి.

గుమ్మంలో నిలబడి ముందు వాసన పీల్చాడు. కొట్టం బాగోగులు వాసనే చెబుతుంది. ఫినాయిలు, కిచిడీ, కొబ్బరినూనె. మూత్రం వాసన కోసం ఇంకా లోతుగా పీలిస్తే తుమ్మొచ్చింది. ఆశ్రమం చూసుకునే డేవిడ్ సారు బయటికొచ్చి, "ఎవరు కావాలె పెద్దయ్యా?" అన్నాడు.

"కొంరవ్వ తమ్మున్ని. చూడ వచ్చిన. నువ్వు నడుమల రాకు."

నీళ్ల కుండ మూత తీసి చూశాడు. మంచాల కింద వంగి చూశాడు. దుప్పటి కొస ఎత్తి వాసన చూశాడు. తర్వాత మనుషుల మీద పడ్డాడు. మొదటి మంచంలో గంగారం దిక్కు తండా నుంచి వచ్చిన దస్రు అనే ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పోశాలు అతని ముంజేతి తోలు చిటికెతో పట్టి వదిలాడు. వెంటనే సర్దుకుంది. నీళ్లు బాగానే తాగిస్తున్నారన్న మాట. గోళ్లు చూశాడు, కత్తిరించి ఉన్నాయి. అలవాటు కొద్దీ గడ్డం పట్టుకుని నోరు తెరవబోయాడు.

"పండ్లు లేవన్నా," అన్నాడు దస్రు. "గీ అంగట్ల నేను అమ్ముడువోను. కావాలంటె నాగలి కట్టి చూడు."

పక్క మంచాల వాళ్లు నవ్వారు. పోశాలుకు రోషం వచ్చింది.

నిజానికి, మొదట్లో పోశాలు మాట ఒక్కసారీ తప్పలేదన్నాను గానీ, అది పోశాలు అందరికీ చెప్పమన్న మాట. తప్పింది. మానుకోట అంగట్లో ఏరికోరి తెచ్చిన బర్రె, పూటకు ఒక బిందె పాలిస్తుందని ప్రమాణం చేసి తెచ్చిన బర్రె, మూడిళ్ల గడ్డి తిని చుక్క పాలివ్వలేదు. అడిగినవాళ్లకు "శనివారం ఒక్కపొద్దు ఉంటది" అని చెప్పాడు. ఆదివారం అడిగితే "నిన్నటి నీరసం" అన్నాడు. గంగారం చెట్టు కింద గాండ్రించింది కూడా పులి కాదు, తప్పిపోయిన దున్న. కానీ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ అతన్ని కాదనలేరు. పుండు. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని పడ్డ పుండును చూస్తే, అది ఈ దుక్కిలో పడిందా, కిందటి దుక్కిలో పడిందా, ఎవరు ఏ మందు వేశారు, వేయకుండా ఎన్నాళ్లు దాచారు, అన్నీ చెప్పేస్తాడు. అందులో తప్పింది లేదు.

కొంరవ్వ కిటికీ పక్క మంచంలో ఉంది. తల దువ్వి ఉంది. తమ్ముణ్ని చూడగానే మొహం విప్పారింది.

"తమ్మీ! తిన్నవా?"

"నా సంగతి ఇడువు. నీకు పెడ్తుండ్రా?"

"పెడ్తుండ్రు. ఉప్పే తక్కువ."

పోశాలు గిరుక్కున తిరిగాడు. "ఇగో! ఉప్పు సుత పొదుపు చేస్తరా?"

"బీపీ ఉన్నది పెద్దయ్యా," అన్నాడు డేవిడ్.

అదీ పోయింది. ఇంతలో మరియమ్మ అనే ఆయా తట్టలో వేడినీళ్లు, దూదీ పట్టుకుని వచ్చింది. కొంరవ్వను పక్కకు ఒత్తిగిలించే వేళ అట.

"తర్వాత బిడ్డా," అంది కొంరవ్వ కంగారుగా. "తమ్ముడున్నడు."

"ఉంటె ఏమైతది?" అన్నాడు పోశాలు. "చూడనీకె వచ్చిన. మొఖం తిప్పుకుంటె ఐబు ఎట్ల దొరుకుతది?"

మరియమ్మ డేవిడ్ వైపు చూసింది. దుప్పటి అడ్డంగా కప్పి, కొంరవ్వను మెల్లగా అటు తిప్పి, నడుం కింద అరచేయంత మేర గుడ్డ తొలగించింది.

పుండు.

పోశాలుకు ఒళ్లు మండింది. అంతకంటే, చెప్పడానికి బాగుండదు గానీ, లోపల ఎక్కడో పండగైంది. దొరికింది!

"ఏంది గిది?" ఇల్లు అదిరేట్టు అరిచాడు. "తల దువ్వి, గోర్లు తీసి, పైన పైన మెరిపిచ్చి, కింద మనిషిని గిట్ల కుళ్లవెడ్తుండ్రా? మీ ఇంట్ల అవ్వలు లేరా?"

"పెద్దయ్యా, జర నా మాట..." అన్నాడు డేవిడ్.

"నువ్వు నాకు చెప్పకు! పుండు సంగతి నాకు చెప్తవా?" పోశాలు వంగి కళ్లు చిట్లించాడు. వేలు తాకించకుండా గాలిలోనే అంచు వెంట తిప్పాడు. "చూడు. బయటి గీత నల్లగ, గట్టిగ బడ్డది. ఇది నిన్న మొన్నటిది కాదు. వానల పడ్డ పుండు. తడి ఆరక చీము వట్టింది. శానొద్దులు ఎవ్వడు మొఖం చూడలే, మందు వెయ్యలే. పక్కకు సుత తిప్పలే. దసరా ముంగటి పుండు ఇది! ఎన్నొద్దుల సంది దాస్తుండ్రు? చెప్పుండ్రి!"

మరియమ్మ దూది పిండుతూ ఉంది.

దస్రు గోడ దగ్గర నుంచి అమాయకంగా అన్నాడు: "దసరా ముంగట అక్క ఈడ యాడున్నదన్నా? బయట పటాకులు పేలుతుంటె వచ్చింది గద. దీపావళి నాడు."

పోశాలు వేలు గాలిలోనే ఆగిపోయింది.

వానలు. నాట్లు. కొట్టం పక్క చూరు కింద నులక మంచం. బొక్క విరిగిన గొడ్డును కదిలించకూడదు, కదిలిస్తే అతకదు. అది అతని అంగడి చదువు. కాలు విరిగిన దూడను కట్టెల మధ్య కదలకుండా కట్టి బతికించిన పేరు అతనికుంది. అక్కనూ అట్లాగే పండబెట్టాడు. "తమ్మీ, నడుము మండుతున్నది, జర పక్కకు తిప్పు" అని ఆమె అంటే, "కదలకు అక్కా, బొక్క అతుకదు" అని కసిరాడు. "మామా, అవ్వ నడుము కింద తడి కనబడ్తున్నది, జర ఒక చెయ్యి పట్టు, తిప్పి చూస్త" అని రేణుక అడిగింది, ఒకసారి కాదు. ఆడవాళ్ల ఒళ్లు తను చూడటమేమిటని వెళ్లిపోయాడు. కదిలించావంటే ఊరుకోనని కోడల్ని బెదిరించాడు కూడా. అప్పుడు చేతిలో వేపనూనె గిన్నె ఉంది. ఎడ్లకు కాడి పుండు పడితే పూటపూటా రాసేవాడు. ఎడ్ల నుంచి అక్క మంచం నాలుగడుగుల దూరం కూడా లేదు.

నగేష్ నేల ఎందుకు చూశాడో అర్థమైంది. మంచిగ చూసి రా అన్నదెందుకో కూడా.

అప్పుడు కొంరవ్వ, అటు తిరిగి పడుకునే, గోడతో చెబుతున్నట్టు గొంతు పెంచింది. లోపలి అరుపులు విని రమేశ్ గుమ్మంలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే.

"ఎవడన్నడు దసరా ముంగటిదని? ఈడనే అయ్యింది. మా తమ్ముని ఇంట్ల నా ఒంటి మీద ఈగ వాలలే. పువ్వుల వెట్టి చూసుకున్నడు. ఈడికొచ్చినంకనే అయ్యింది."

రోజూ ఆ పుండు కడుగుతున్న మనిషి వీపు వెనకే ఉండగా అంది ఆ మాట. డేవిడ్ నోరు తెరిచాడు. మరియమ్మ తల అడ్డంగా ఊపింది, వద్దని. ఆ ముసలి ప్రాణం ఆడిన అబద్ధాన్ని తన మీద వేసుకోవడానికి ఆమె సిద్ధమైపోయింది. పోశాలు తప్పించుకుని పోవడానికి అందరూ కలిసి దారి వదిలారు.

"కాకా," అన్నాడు రమేశ్ గుమ్మంలోంచి, పళ్లు కొరుకుతూ. "ఇంక చూసేదేంది? అవ్వను ఎత్తుదమా? బొంత పరిచే ఉన్నది."

ఎత్తుదామంటే అయిపోయేది. ఊరు మెచ్చుకునేది. అక్క మళ్లీ ఆ నులక మంచం మీదికి వచ్చేది, ఒక్క మాట కూడా అనకుండా.

"నువ్వు పోయి ఆటో కాడ ఉండు," అన్నాడు పోశాలు. రమేశ్ గొణుక్కుంటూ వెళ్లాడు.

పశువుల అంగట్లో రాయని కట్టుబాటు ఒకటుంది. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర తెంచుకునే ముందు, గొడ్డుకున్న ఐబును తాడు పట్టినవాడే తన నోటితో చెప్పాలి. కొనేవాడు కనిపెట్టేదాకా ఊరుకుంటే వాడు బేరగాడు కాదు, దొంగ. పోశాలు ఎంతమందిని అట్లా దొంగ అన్నాడో లెక్క లేదు.

తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అన్ని మంచాలకూ వినబడేట్టు అన్నాడు: "ఈ ఐబు మీది కాదు. నాది. మా ఇంట్లనే పడ్డది. నేనే కదలనియ్యలే."

"తమ్మీ..." అంది కొంరవ్వ.

"నువ్వు ఊకో అక్కా." మరియమ్మ వైపు తిరిగాడు గానీ ఆమె మొహం చూడలేకపోయాడు, తట్టలోని నీళ్లను చూస్తూ అన్నాడు: "లోపటి అంచుకు కొత్త తోలు వస్తున్నది బిడ్డా. లేత రంగుల. అది నీ చేతిది."

మరియమ్మ తట్ట పక్కన పెట్టి, "మళ్ల ఇటు తిప్పాలె పెద్దయ్యా. చెయ్యేస్తవా?" అంది. అతని ఒక చెయ్యి తీసి కొంరవ్వ భుజం కింద, ఇంకోటి తుంటి పైన పెట్టింది. "గుంజకు. నీ దిక్కు రానియ్యి, అంతే."

ఎంత ఎద్దునైనా ముకుతాడు పట్టి కూలేసిన చేతులు గుంజకుండా కాచుకున్నాయి. కొంరవ్వ దూదిపింజలా ఇటు తిరిగింది. ఇంత తేలికైపోయిందని అతనికి తెలియదు.

"ఎడ్ల లెక్క బరువున్ననా తమ్మీ?" అంది నవ్వుతూ.

అతను దుప్పటి సర్దాడు. సర్దిన దుప్పటినే మళ్లీ సర్దాడు. బొంత మడత పెట్టుకుని, అక్క లేకుండానే ఆటో తిరిగివచ్చింది. దారి పొడుగునా రమేశ్ అడుగుతూనే ఉన్నాడు, పోశాలు తీసిన తలపాగానే మళ్లీ మళ్లీ చుట్టుకుంటున్నాడు.

ఈ కథలో ఒకచోట నేను కల్పించాను, చెప్పేస్తాను. అక్కా ఉంది, పుండూ ఉంది, తలపాగా తీయడమూ నిజమే. "అన్ని మంచాలకూ వినబడేట్టు" అన్నది మాత్రం నాది. పోశాలుకు గొంతు లేవలేదు. మరియమ్మ వంగి వినాల్సి వచ్చేంత మెల్లగా అన్నాడు. పక్కనున్న దస్రుకే వినబడలేదు. గుమ్మంలోంచి రమేశ్ విన్నదల్లా కొంరవ్వ చెప్పిన అబద్ధం. వాడు దాన్ని ఊళ్లో దింపాడు. ఆశ్రమంలో పండబెట్టి మనిషిని పుండు చేశారట అని టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. పోశాలు అక్కడే కూర్చుని చాయ్ ఊదుకుంటూ వింటాడు.