కొట్టు కట్టేసిన గురువారం

మా ఆయనా నేనూ ఏడాదిగా ప్రతి ఆదివారం షికారుకి వెళ్తున్నాం. పాలకొల్లు బజారులో మమ్మల్ని చూసి, మొగుడూ పెళ్ళాలంటే అలా ఉండాలి అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అనుకోనివ్వండి. పెద్దమనుషుల తీర్పు ప్రకారం తిరుగుతున్నామని వాళ్ళకి తెలియదు కదా.

దిండిలో రిసార్టు, పేరుపాలెం బీచ్, ధవళేశ్వరం బ్యారేజీ, రాజమండ్రిలో హారతి, భీమవరంలో సినిమా. ఎక్కడికెళ్ళినా పద్ధతి ఒకటే. కారు దిగుతాం. మా ఆయన ఎవరినో ఒకరిని ఆపి, "ఒక్క ఫోటో తీస్తారా అండి" అని ఫోన్ చేతికిస్తారు. ఇద్దరం పక్కపక్కన నిలబడతాం. ఆ ఫోటో వాట్సాప్‌లో, తీర్పు చెప్పిన పల్లంరాజు గారికి పోతుంది. ఆయన చూసినట్టు నీలం గుర్తులు పడ్డాక మా ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "ఏమైనా తింటావా?" అంటారు. "మీ ఇష్టం" అంటాను. తింటాం. ఇంటికొచ్చేస్తాం.

కడియం నర్సరీల్లో జంటలన్నీ పూల మడుల మధ్య ఫోటోలు దిగుతున్నాయి. మా ఆయన అక్కడ నీళ్ళ మోటారు చప్పుడు విని, "బేరింగ్ పోయిందండి, మార్చకపోతే కాలిపోద్ది" అని నర్సరీ ఆయనకి చెప్పడానికి వెళ్ళారు. రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్ల సామాన్ల కొట్టు నడిపే మనిషికి బంతిపూలు ఏం కనిపిస్తాయి. ఇంకోసారి యానాం వెళ్ళాం. బీచ్ రోడ్డులో బెంచీ మీద కూర్చుంటే, అక్కడ మందు చవకని మనవైపు నుంచి వచ్చినవాళ్ళంతా సీసాల సంచులు మోసుకుంటూ హడావిడిగా పోతున్నారు. మా ఆయన తాగరు. "ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతో పోయేది మనమేననుకుంటా" అన్నారు. నవ్వాల్సిన మాటని తెలిసింది. నవ్వు రాలేదు.

పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇస్తే బుగ్గ మొద్దుబారుతుందే, నాకు మనిషంతా అలాగే ఉండేది. ఐస్‌క్రీమ్ తింటే చల్లగా ఉందని తెలిసేది, బాగుందో లేదో తెలిసేది కాదు. గోదావరి చూస్తే నీళ్ళు కనిపించేవి. అంతే.

ఈ తీర్పు ఎలా వచ్చిందో చెప్పాలి.

అంతకుముందు నాకు అయిదో నెలలో బిడ్డ పోయాడు. పొద్దున్న నొప్పులు మొదలైతే మా తమ్ముడు అనిల్ కుమార్ వచ్చి భీమవరంలో ఆసుపత్రిలో చేర్పించాడు. మా ఆయన, "నువ్వు పద, నేను కొట్టు చూసుకుని వస్తాను" అన్నారు. చూసుకుని వచ్చేసరికి చీకటి పడింది. అప్పటికే అంతా అయిపోయింది. కాగితాల మీద సంతకాలు తమ్ముడే పెట్టాడు. మగపిల్లాడని నర్సు నా ఒక్కదాని చెవిలో చెప్పింది. మా ఆయన మంచం పక్కన నిలబడి, "బాగానే ఉందా?" అన్నారు. చేతులకింకా గ్రీజు ఉంది. పిల్లో పిల్లాడో కూడా అడగలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ కొట్టు తెరిచారు.

మా బజారులో ఒక మర్యాద ఉంది. ఇంట్లో మనిషి పోతే కొట్టు కట్టేస్తారు. తెలిసినవాళ్ళింట్లో పోతే శవం కదిలేదాకా సగం షట్టర్ దించుతారు. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన మామగారు పోయినప్పుడు మా ఆయన అలాగే సగం షట్టర్ దించారు. ఆ మామగారి మొహం మా ఆయన ఏనాడూ చూసి ఎరగరు. నా బిడ్డకి ఆ సగం షట్టర్ కూడా దిగలేదు. నా బాధల్లా ఇదే.

ఆసుపత్రి నుంచి నేను పాలకొల్లు వెళ్ళలేదు. మొగల్తూరులో పుట్టింటికి వెళ్ళిపోయాను. నెలలు గడిచినా రాననేసరికి పెద్దల్లో పెట్టారు. పల్లంరాజు గారికి రైస్ మిల్లు ఉంది, రెండువైపులా కావలసిన మనిషి. ఆయన మిల్లు ఆఫీసులోనే కూర్చున్నారు. మా మామగారు, మా తమ్ముడు, ఇంకా ఎవరెవరో. అందరూ మగవాళ్ళే.

"తాగుతాడా అమ్మా?" అన్నారు పల్లంరాజు గారు.

"లేదండి."

"చెయ్యి చేసుకుంటాడా?"

"లేదండి."

"వేరే వ్యవహారాలేమైనా ఉన్నాయా? మొహమాటపడకు తల్లీ."

"లేవండి."

"మరి ఏంటమ్మా నీకు లోటు?"

షట్టర్ మాట చెబుదామని నోరు తెరిచాను. అయిదో నెలలో పోయినదానికి కొట్టు కట్టుకుంటారా అమ్మా అని ఎవరో ఒకరు అంటారు. జాలిగానే అంటారు. ఆ మాట వింటే నేను బతకలేననిపించింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "ఎప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్ళరండి" అన్నాను.

గదిలో అందరూ ఒక్కసారి తేలికపడ్డారు. మా మామగారైతే నవ్వేశారు. పల్లంరాజు గారు చిటికెలో తీర్పు చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టెయ్యాలి, పెళ్ళాన్ని బయటికి తీసుకెళ్ళాలి, తీసుకెళ్ళినట్టు తనకి ఫోటో పంపాలి. ఏడాది తిరిగాక మళ్ళీ కూర్చుంటారు. అప్పటికీ అమ్మాయి ఉండనంటే ఎవరి దారి వాళ్ళది. అమ్మాయి మాటే ఆఖరి మాట.

ఆ ఆఖరి మాట చెప్పే రోజు దగ్గరికొచ్చేసింది. శుక్రవారం కూర్చోవాలి. నేను వెళ్ళిపోతానని చెప్పేద్దామనుకున్నాను. కోపంతో కాదు. కోపం ఉంటే కనీసం ఇంట్లో ఒకరితో ఒకరికి పని ఉండేది. నాకు ఆయన మీద ఏమీ లేదు, అదీ ఇబ్బంది. ఏమీ లేని మనిషితో ఎన్ని బీచ్‌లని తిరుగుతాం.

చివరి ఆదివారం తుపాను గాలికి స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. ఎక్కడికీ వెళ్ళలేదు. బుధవారం పల్లంరాజు గారు ఫోన్ చేసి, "ఈ వారం ఫోటో రాలేదేంటి వినయ్, ఎల్లుండి కూర్చోవాలి కదా" అన్నారు. మా ఆయనకి ముచ్చెమటలు పోశాయి. గురువారం పొద్దున్న నేను టిఫిన్ చేస్తుంటే వచ్చి, "తయారవ్వు, అంతర్వేది వెళ్దాం" అన్నారు.

"కొట్టో?" అన్నాను.

"కట్టేశాను."

చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. మబ్బు పట్టిన రోజుల్లో చెరువుల్లో రొయ్యలకి గాలి చాలదు. ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. అవి చెడిపోతే రైతులు మా కొట్టుకే పరిగెత్తుకొస్తారు. ఆ ఆదివారం మధ్యాహ్నాలు తప్ప, పెళ్ళై వచ్చినప్పట్నుంచి అలాంటి రోజున మా కొట్టు మూసి ఉండగా నేను చూడలేదు.

నరసాపురం దాటి మాధవాయిపాలెం రేవుకి చేరాం. అక్కడ పంటు మీద కారెక్కించి గోదావరి దాటాలి. తుపానుకి ఆపేసిన పంటు మళ్ళీ నడుస్తోంది కాబట్టి బండ్లు బారులు తీరి ఉన్నాయి. వరసలో ఉండగానే ఫోన్లు మొదలయ్యాయి. ఆయన ఫోన్ కారు స్పీకర్‌కి కలిపి ఉంటుంది, అన్నీ నాకు వినిపిస్తాయి.

"కొట్టు కట్టేశారేంటండి? ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

"అబ్బే, అలాంటిదేం లేదండి. ఊరికే బయటికొచ్చాం."

ఇంకొకరు. అదే ప్రశ్న, అదే జవాబు. టీ కొట్టాయన కూడా చేశాడు. "షట్టర్‌కి తాళం చూసి కంగారుపడ్డానండి." "ఏం లేదండి, అందరం బాగానే ఉన్నాం."

అందరం బాగానే ఉన్నాం అన్న మాట దగ్గర నాకు లోపల ఏదో రగిలింది. చాలాకాలానికి రగిలింది. కోపమని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

కారు పంటు ఎక్కింది. మా ముందు ఒక కొబ్బరికాయల వ్యాన్, వెనక మోటారు సైకిళ్ళు. పంటు ఒడ్డు వదిలాక అన్నాను.

"ఇవాళ కట్టారు."

"ఏంటి?"

"కొట్టు. ఫోటో కోసం కట్టారు."

"రేపు పెద్దల ముందు మాట రాకూడదు కదా ప్రసన్నా."

"మరి ఆ రోజు ఎందుకు కట్టలేదు?"

ఏ రోజని ఆయన అడగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కారు కదలకపోయినా. చాలాసేపు వ్యాన్‌లో కొబ్బరికాయల వంకే చూశారు.

"అనిల్ ఫోన్ చేసి చెప్పాక షట్టర్ దగ్గరికెళ్ళాను. సగం దించాను కూడా. టీ కొట్టాయన చూసి, ఎవరు పోయారండి అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఎవరని చెప్తాను? పేరు లేదు కదా."

"తర్వాత?"

"నాన్నని అడిగాను. అలాంటివాటికి కొట్టు కట్టరు, నలుగురికీ చెప్పుకోకూడదు, మళ్ళీ కడుపు నిలవదు అన్నారు. షట్టర్ పైకెత్తేశాను."

"ఎత్తేసి ఏం చేశారు?"

"బేరింగులు అమ్మాను" అన్నారు మా ఆయన.

నేను కిటికీవైపు తిరిగాను. తుపాను తర్వాత నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా కొట్టుకుపోతోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పెద్దల్లో, ఎక్కడికీ తీసుకెళ్ళరన్నావు. అదే నీ బాధనుకున్నాను."

"నేను అంత పిచ్చిదానిలా కనిపించానా?"

"లేదు" అన్నారు. ఆగి, "అదే అయితే బాగుండుననుకున్నాను. అదైతే నేను చెయ్యగలను" అన్నారు.

విన్నాను. నిజమే చెబుతున్నారని తెలిసింది. అయినా ఆ సగం షట్టర్ పైకెత్తిన చెయ్యి ఆయనదే. మాటలు నా దాకా వచ్చి ఆగిపోయాయి. రేపు ఏం చెప్పాలనుకున్నానో అదే చెబుతాననుకున్నాను.

మళ్ళీ ఫోన్. లోవమ్మ గారు. మొగుడు పోయాక చెరువులు తనే చూసుకుంటున్న మనిషి, గొంతు పెద్దది.

"వినయ్ బాబూ, నీ కొట్టు ముందే నిలబడ్డానయ్యా. తాళం ఉందేంటి? ఎవరైనా పోయారా ఏంటి?"

అబ్బే అలాంటిదేం లేదండి అన్న మాట కోసం నేను చూస్తున్నాను.

"అవునండి" అన్నారు. "మా బాబు పోయాడండి."

"ఏ బాబయ్యా? మీకింకా పిల్లలు..."

"పోయిన ఏడాదండి. కడుపులో ఉండగానే. అప్పుడు కొట్టు కట్టలేకపోయాను. ఇవాళ కట్టాను."

స్పీకర్‌లో బజారు చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ గొంతు తగ్గించి, "సరేనయ్యా. నేను ఇంకో చోట చూసుకుంటాలే" అంది. "అమ్మాయి పక్కనే ఉందా? జాగ్రత్తగా చూసుకో." పెట్టేసింది.

"బాబని మీకెవరు చెప్పారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆసుపత్రిలో ఆయమ్మ. ఆ రాత్రి నువ్వు పడుకున్నాక వెళ్ళి అడిగాను. చూస్తానంటే, అయిపోయింది బాబూ, తీసుకెళ్ళిపోయారు అంది."

బుగ్గకిచ్చిన మత్తు దిగేటప్పుడు ముందుగా తెలిసేది నొప్పే. అది వచ్చింది. నా బిడ్డని చూస్తానని అడిగిన మనిషి ఇంకొకరు ఉన్నారని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించలేదు. కానీ ఆయన పక్కన కూర్చున్నానని తెలిసింది.

పంటు సఖినేటిపల్లి ఒడ్డుకి తగులుతుండగా పల్లంరాజు గారి ఫోన్ వచ్చింది. మా ఆయన నావంక చూశారు. నేనే నొక్కాను.

"ఏంటి వినయ్, ఫోటో ఏదీ?"

"నేనండి, ప్రసన్నలక్ష్మిని. ఇవాళ ఫోటో లేదండి."

"అదేంటమ్మా, షికారుకి వెళ్ళలేదా?"

"లేదండి. మా ఇంట్లో మనిషి పోయాడు. కొట్టు కట్టేశాం."

"అయ్యో, ఎవరమ్మా?"

"మా అబ్బాయండి."

ఆయనకి అర్థం కావడానికి కొంత టైము ఇచ్చాను. ఆ మిల్లు ఆఫీసులో నాకు ఎవరూ ఇవ్వని టైము.

"రేపు కూడా కొట్టు తెరవమండి" అన్నాను. "మీరు రావాలనుకుంటే పలకరించడానికి రండి. మామగారిని, మా తమ్ముడిని కూడా తీసుకురండి. తీర్పుకైతే వద్దు."

"మరి నీ మాట ఏంటమ్మా? ఉంటావా, వెళ్తావా?"

"ముందు మమ్మల్ని ఏడవనివ్వండి. తర్వాత చెప్తాను."

ఫోన్ పెట్టేశాను. ముందున్న కొబ్బరికాయల వ్యాన్ ఒడ్డెక్కి వెళ్ళిపోయింది. మా ఆయన కారు తాళం మీద చెయ్యి పెట్టారు గానీ తిప్పలేకపోతున్నారు. వెనక మోటారు సైకిళ్ళ వాళ్ళు హారన్లు కొడుతున్నారు. కాసేపు కొట్టనిచ్చాం.