గయ్యాళిని సాగనంపిన రోజు

"తలుపు మెల్లిగా వెయ్యి నాయనా! ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

గిన్నెలు కడుగుతూనే ఆమె కసిరింది, గొంతు లేపకుండా. ఆ జంతు ఆశ్రయ కేంద్రంలో, పిల్లుల గదిలో కేకలు వేయకూడదని నియమం పెట్టింది తనే. అందుకే వచ్చిన కోపాన్నంతా పళ్ల మధ్య నమిలి, గుసగుసగా వెళ్లగక్కుతుంది.

వ్యాను డ్రైవరు నాలుక కరుచుకుని, కొత్త పిల్లి ఉన్న బోనును నేలమీద పెట్టబోయాడు.

"కింద కాదు, బల్లమీద! గుడ్డ కప్పు. అసలే బెదిరిపోయి దాని పైప్రాణాలు పైనే ఉన్నాయి."

"పిల్లులమీదున్న జాలి మామీద లేదక్కా నీకు."

"మీకు చెవులుండీ ఏం లాభం?"

పెళ్లయిన ఏడాదికే భర్త పోతే ఆమె అన్నగారింటికి చేరింది. అక్కడ తిండికి లోటు లేదు. కానీ దారికి అడ్డొస్తే ఎవరైనా భుజం పట్టి పక్కకు నెట్టేవాళ్లే. 'కాస్త జరుగు' అన్న పాపాన పోయినవాళ్లు లేరు.

మూలనున్న ప్లాస్టిక్ పెట్టెలో బూడిదరంగు ముసలిపిల్లి ఉంది. చెయ్యి చాపినవాళ్లనల్లా రక్కుతుందని దానికి గయ్యాళి అని పేరు పడింది. ఇంట్లో వదిన తననూ అదే మాట అంటుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చాడు. గయ్యాళి మూత్రపిండాలు పాడైపోయాయి, ఇక బాగయ్యే ఆశ లేదు, బాధపడకుండా సూది వేసి సాగనంపడమే మిగిలింది. తోలు చేతొడుగులు తొడుక్కుంటూ, "మెడ పట్టి లాగు, చిటికెలో అయిపోతుంది," అన్నాడు.

"బతికినన్నాళ్లూ లాగనే లాగారు. పోయేటప్పుడు కూడానా?"

"ఇంకా చాలా చోట్లకు వెళ్లాలమ్మా."

"వెళ్దురుగాని. కాసేపు ఆగితే కొంపలేం మునగవు. లాగొద్దని నాకు నేర్పింది మీరే కదండీ!"

డాక్టరు విసుగ్గా నిట్టూర్చాడు. చేతొడుగులు తీసేసి నేలమీద చతికిలబడ్డాడు.

ఆమె పిల్లి కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చుంది. కొక్కేలు ఒక్కొక్కటే విప్పి పెట్టె పైభాగం ఎత్తింది. గయ్యాళి బుస్సుమంది. వెంటనే తువ్వాలు కప్పితే, ఆ మడతల్లో ముఖం దాచుకుంది. వెనకకాలు ఒక్కటే బయటికి కనిపించేలా ఆమె తువ్వాలు సర్దింది.

"ఇప్పుడు," అంది నెమ్మదిగా.

ముందు మత్తు సూది, కాసేపటికి రెండోది. గయ్యాళి కదల్లేదు, రక్కలేదు. తువ్వాలుమీదున్న ఆమె అరచేతి కింద ఊపిరి నెమ్మదించి, సద్దుమణిగింది.

"అయిపోయిందా అక్కా?" గుమ్మంలోంచి డ్రైవరు అడిగాడు.

"అయింది. గుడ్లప్పగించి చూడకపోతే వచ్చి ఓ చెయ్యి వెయ్యరాదూ?" అంటూ ఆమె ముఖం తిప్పుకుంది.

సాయంత్రం ఆ తువ్వాలు ఉతకబోతూ దులిపింది. నూలుపోగుల్లో చిక్కుకుని రాలకుండా మిగిలింది గయ్యాళి గోటి నుంచి ఊడిన ఒక పొర, నెలవంకలా వంగి, గాలికి ఎగిరిపోయేంత పల్చగా.