నీలి చంద్రుడి కార్డు

నిఘంటువు ఆఫీసులో ఇంగ్లీషు నుడికారాల కార్డులుండే సొరుగులన్నీ ముప్ఫై ఏళ్ళుగా ఆవిడవే. అందుకే అందరూ కార్డులమ్మ అనేవాళ్ళు. ఒక మధ్యాహ్నం చేతికి 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్', అంటే నీలి చంద్రుడు వచ్చినప్పుడొకసారి అనే మాట కార్డు రాగానే ఆవిడ దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

అర్థాల దగ్గర పేచీ లేదు. పూర్వం జరగనే జరగని పనికి అనేవారట, తర్వాత ఎప్పుడో గాని జరగనిదానికి అంటున్నారు. బ్లూ మూన్ అంటే ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి అని ఇంకొందరు. పేచీ అంతా ఆ మాట పుట్టుక దగ్గరే. చేరిన కొత్తలో ఆవిడ అక్కడ రెండు ముక్కలు రాసింది: అడవులు తగలబడితే పొగలోంచి చంద్రుడు నీలంగా కనిపిస్తాడు, అది చూసిన ఓడవాళ్ళే ఈ మాట పుట్టించారు.

అది నాన్న చెప్పింది. ఆయన ఓడలో కొలిమికి బొగ్గు ఎగదోసేవాడు. ఇంటికి వచ్చేది ఏ రెండేళ్ళకో. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీళ్ళ మీద నీలం వెలుగు పరుచుకోవడం, ఓడ అందులో చప్పుడు లేకుండా సాగడం చెబుతుంటే గది గోడలు మెల్లగా ఊగేవి. ఆ ఊపులోనే ఆ పిల్ల నిద్రపోయేది. లేచేసరికి నాన్న ఉండేవాడు కాదు.

ఆధారం లేని పుట్టుక కథలన్నీ కొత్త ముద్రణలో కొట్టెయ్యాలని, అందరూ పెద్దాయన అని పిలిచే ప్రధాన సంపాదకులు అప్పటికే ఆజ్ఞ వేశారు. నాన్న చెప్పిన మాటల్లో అచ్చుకెక్కింది ఆ కార్డు మీదిదొక్కటే. ఆవిడ వారం రోజులు మొండిగా వెతికితే నాలుగు పుస్తకాల్లో అదే కథ దొరికింది. ఎగిరి గంతేసినంత పని చేసింది. తీరా చూస్తే నాలుగూ ఆధారంగా చూపించింది తమ నిఘంటువునే.

పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఉంచెయ్యమంటావా అమ్మా?"

"వద్దండీ. నాన్న ఆ చంద్రుణ్ణి చూసిన మాట నిజమే. ఈ మాట అక్కడే పుట్టిందనుకోవడం నా ఆశ."

తన చేత్తోనే రెండు వాక్యాలూ కొట్టేసింది. కార్డు అడుగున ఉదాహరణ రాయడానికి ఒక వరుస ఖాళీగా ఉంది. ఆ ఆఫీసులో ఉదాహరణ వాక్యం అనేది కార్డు రాసేవాళ్ళ సొంతం, దానికి ఆధారం అడిగే ఆనవాయితీ లేదు. ఆవిడ కలం తీసి నిదానంగా రాసింది:

'మా నాన్న నీలి చంద్రుడు వచ్చినప్పుడే ఇంటికి వచ్చేవాడు, వచ్చినప్పుడు చంద్రుణ్ణి వెంట తెచ్చేవాడు.'

పెద్దాయన రెండుసార్లు చదివారు. కింద సంతకం పెట్టారు.