కాలని ఊచ

బావమరిది మోసం చేశాడు. ఇందులో అటూ ఇటూ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. అతనొక్కడే అయితే ఊచల మేస్త్రీ ఎలాగో సరిపెట్టుకునేవాడేమో గానీ, షెడ్డు షెడ్డంతా చేసింది. ఎవరి పాలు ఎంత అని విడదీసి చూడడం ఆయనకు ఇష్టం లేదు.

ఊచల మేస్త్రీ అంటే గొడుగుల ఫ్యాక్టరీలో ఉక్కు ఊచలు వంచి, రివెట్లు కొట్టి, గొడుగుకి ఎముకల గూడు కట్టే మనిషి. పల్లెలో బడి ఉన్నంతవరకే చదివి, మీసాలు రాకముందే ఆ షెడ్డులో అడుగుపెట్టాడు. అప్పటినుంచీ అదే బల్ల. అవతలి వరసలో ఒకమ్మాయి మిషను మీద గొడుగు గుడ్డ కుట్టేది. ఆయన గూడు కడితే ఆమె చొక్కా తొడిగేది. పెళ్ళి కూడా ఆ రెండు బల్లల మధ్యే కుదిరింది.

కళ్ళు మసకబారాక ఆమె కుట్టుపని మానేసి, ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే పనికి చేరింది. అక్కడికి వెళ్ళాలంటే బస్సు మారాలి. ఆ బస్సుల వల్లే ఇంట్లో గొడవ వచ్చింది. ఒకనాటి సాయంత్రం ఆమె రోడ్డు పక్కన ఒక మడత గొడుగు కొనుక్కొచ్చింది. నల్లటిది, ఓడ దిగిన సరుకు. మీట నొక్కితే టప్పున విచ్చుకుంది.

"నా నోట్లో మట్టి కొట్టే గొడుగే దొరికిందా నీకు?" అన్నాడాయన.

"మీ గొడుగు చేతికర్రలా ఉంటుంది. బస్సులో పక్కవాళ్ళ కంట్లో పొడుస్తుంది. ఇది చూడండి, సంచిలో పిల్లిపిల్లలా పడుకుంటుంది."

"ఊచల మేస్త్రీ పెళ్ళాం పరాయి గొడుగేసుకుని తిరిగితే నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీండి, తడవను కదా. కుట్టు చూడండి, ఎంత పొందిగ్గా ఉందో. అక్కడా ఎవరో ఆడమనిషే కూర్చుని కుట్టి ఉంటుంది, నాలాగే కళ్ళు పోగొట్టుకుంటూ. ఆమె మీద నాకేం కోపం? మీకు కోపముంటే వెళ్ళి ఆ ఓడ మీద చూపించుకోండి."

ఓడ మీద చూపించడం చేతగాక భార్య మీదే చూపించాడు. కొన్నాళ్ళు మాట మానేశాడు. తర్వాత ఒక ఈదురుగాలికి ఆ గొడుగు ఊచ ఒకటి పుటుక్కున విరిగింది. ఆమె ఒక్క మాటా అనకుండా దాన్ని తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆయనా ఒక్క మాటా అనకుండా మర్నాడు ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాడు. తమ ఊచనే ఆకురాయితో అరగదీసి, చిన్న చిన్న ముక్కలు చేసి, రివెట్లతో అతికి బిగించాడు. ఎంత అరగదీసినా అది మొండి ఊచ. మూస్తే ఒకవైపు ఉబ్బి ఉండేది, తెరిస్తే ఒక మూల పైకి లేచేది. ఆమె దానికి గూనిది అని పేరు పెట్టింది. "మన గూనిది ఏదీ?" అని అడిగి మరీ బయల్దేరేది. వాళ్ళిద్దరి మధ్యా రాజీ అంటే అదే. క్షమించమని ఎవరూ అడగలేదు, క్షమించానని ఎవరూ చెప్పలేదు.

కిందటి వానల్లో ఆమె పోయింది. గూనిది తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. ఆయన గానీ, ఇంట్లో ఆయనతో మిగిలిన కూతురు గానీ దాన్ని ముట్టుకోలేదు.

ఈలోగా ఓడ సరుకు మీద సుంకం ఎత్తేశారు. గుడ్డ, ఊచ, పిడి అన్నీ కలిపిన గొడుగు, ఇక్కడ ఉత్త ఊచలకయ్యే ఖర్చుకే దుకాణాల్లోకి వచ్చి పడింది. ఫ్యాక్టరీలో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ళు సమ్మెకట్టి గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళకి నాయకుడు బావమరిది.

బావమరిది అంటే భార్యకి తమ్ముడు. తల్లి పోతే అక్కే చంకనెత్తుకుని పెంచింది. మిషను తొక్కిన కూలితో చదివించింది. ఆ చదువంతా నోటికి పట్టింది వాడికి. గేటు ముందు స్టూలెక్కి మాట్లాడుతుంటే బస్సుల్లో పోయేవాళ్ళు కూడా తలలు బయటపెట్టి వినేవారు.

"స్వేచ్ఛా వ్యాపారమట! ఎవరికి స్వేచ్ఛ? గొడుగు ఏ దేశమైనా పోవచ్చు. దాన్ని చేసేవాడు మాత్రం ఈ గేటు దాటి లోపలికి పోతే కేసు! సరుకుకి ఉన్న విలువ మనిషికి లేదా?"

ఊచల మేస్త్రీ ముందు వరసలో కూర్చుని వినేవాడు. ఒళ్ళు పులకరించేది. పల్లెబడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో అట్టల మీద నినాదాలన్నీ ఆయనే రాశాడు. ఒకసారి వాటిల్లో ఒకటి పట్టుకుని బస్టాపులో నిలబడితే, పరాయి గొడుగేసుకున్న ఒకావిడ చదివి, "బాగానే ఉందయ్యా. ఎవరు కుట్టారో కనుక్కుని కొనేదాకా వాన ఆగుతుందా?" అనేసి బస్సెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. అచ్చం భార్య మాట్లాడినట్టే అనిపించింది.

సమ్మె చప్పబడుతోందని తెలిసి బావమరిది కొత్త ఎత్తు వేశాడు. దిగుమతి వ్యాపారి గోడౌను మీద పడి పెట్టెలు ఎత్తుకొస్తారు, గేటు ముందు పోసి నిప్పు పెడతారు. ఆ కబురు చెప్పడానికి ఇంటికొచ్చినవాడి చూపు తలుపు వెనక్కి పోయింది.

"బావా, అది కూడా పట్టుకురా."

"అది మీ అక్కది."

"అందుకే అడుగుతున్నా. ఊచల మేస్త్రీ ఇంట్లోనే పరాయి గొడుగుందని ఎత్తిపొడుస్తున్నారు. రేపు నువ్వే ముందు వెయ్యాలి. అక్క ఉంటే తనే వేసేది."

లోపల బట్టలు ఆరేస్తున్న కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మ వెయ్యదు మామయ్యా. నిన్నే వేసేది మంటలో."

బావమరిది నవ్వేశాడు. "చూశావా బావా, అచ్చం అక్క నోరే!"

"నాన్నా, దాన్ని ముట్టుకోకు," అంది కూతురు.

ఆయన రాత్రంతా ఆలోచించాడు. తన కడుపు కోసం కాదు, షెడ్డులో ఉన్న అందరి కోసం కదా. వేలకొద్దీ కాలుతుంటే ఒక్కటి దాచుకోవడం దొంగతనమే అనిపించింది. పొద్దున్నే మేకు మీంచి తీసి సంచిలో పెట్టుకున్నాడు. కూతురు ఆయన వైపు చూడలేదు.

గేటు ముందు అట్టపెట్టెలు మిద్దెంత ఎత్తున పేర్చారు. మగవాళ్ళు వాటిని దొంతరలు దొంతరలుగా నెత్తిన పెట్టుకుని పరుగులు తీస్తూ తెస్తున్నారు. పోలీసులు అవతలి అరుగు మీద తీరిగ్గా నిలబడి చూస్తున్నారు. కళ్ళున్న ఎవడికైనా అనుమానం రావలసిందే. ఆయన కళ్ళు మాత్రం తన సంచి మీదే ఉన్నాయి. నిప్పు అంటుకుంది. కెమెరాలు ముందుకొచ్చాయి. బావమరిది చెయ్యూపాడు. ఆయన గూనిదాన్ని రెండు చేతులతో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అప్పుడు వేశాడు. జనం కేకలు పెట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మొహం అన్ని టీవీల్లోనూ వచ్చింది.

తెల్లవారాక మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. గుడ్డ కాలిపోతుంది, పిడి కరిగిపోతుంది. ఉక్కు కాలదు. తను అరగదీసిన ఊచ ఆ బూడిదలో ఎక్కడో ఉంటుంది. వేల ఊచల మధ్య దాన్ని పోల్చుకోగలనా అని దారంతా బెంగ పెట్టుకున్నాడు. కర్ర పుచ్చుకుని బూడిద కెలికాడు. మెత్తగా లేచింది. ఈ చివర కెలికాడు, ఆ చివర కెలికాడు. అట్ట బూడిద, టేపు ముద్దలు. నడుమ ఒకచోట కర్రకి ఏదో తగిలింది. ఒకే ఒక్క గూడు. నల్లగా వంకర్లు పోయి ఉంది. దాని ఊచల్లో ఒకటి మిగతావాటికన్నా లావు.

ఆయన దాన్ని చేతిలో పట్టుకుని మిగిలిన బూడిదంతా మళ్ళీ తిరగేశాడు. ఇంకేమీ లేదు. ఉక్కు కాలదు, కాళ్ళొచ్చి నడిచీ పోదు.

అక్కడ ఊడవడానికి చీపురుతో వచ్చినవాడు పొడుగోడు. మేస్త్రీ పక్క బల్లవాడు, సమ్మె మొదలైననాటి నుంచీ భుజానికి భుజం ఆనించి కూర్చున్నవాడు.

"ఏం వెతుకుతున్నావు మేస్త్రీ? బంగారం గానీ పడిపోయిందా?"

"పెట్టెల్లో గొడుగుల ఊచలు ఏవిరా?"

పొడుగోడు నవ్వబోయి, ఆయన చేతిలోది చూసి ఆగిపోయాడు. "నీకు తెలీదా?"

"ఏంటి తెలిసేది?"

"ఒక్కొక్కడూ నెత్తి మీద అన్నేసి పెట్టెలు పెట్టుకుని పరిగెత్తామే. వాటిల్లో గొడుగులుంటే మా మెడలు మిగులుతాయా?"

"అందరికీ తెలుసా?"

"మోసిందే మేము కదన్నా."

"నేను సంచిలోంచి తీస్తుంటే నా పక్కనే ఉన్నావు నువ్వు."

"ఉన్నా. నువ్వేదో పాతది తెచ్చావనుకున్నా. వదిన గొడుగని చూసేసరికి కెమెరాలన్నీ నీ మీదున్నాయి. అప్పుడు అడ్డమొచ్చి, ఇదంతా ఉత్తుత్తిదే అని ఎలా అరవమంటావు?"

"అరవక్కర్లేదు. చెవిలో చెబితే చాలు."

పొడుగోడు బూడిద ఊడవడం మొదలుపెట్టాడు.

సంఘం గదిలో బావమరిది ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద తన మొహమున్న పేపర్లు పరిచి చూసుకుంటున్నాడు. మేస్త్రీ మసిబట్టిన గూడు తెచ్చి వాటి మీద పెట్టాడు. వాడికి అడగకుండానే అర్థమైంది.

"కూర్చో బావా. మంట కనబడాలి గానీ సరుకు కాలాలని ఎవరన్నారు? కాలిస్తే అందరి మీదా కేసులు. కాల్చకపోతే మన మొహం చూసేవాడు లేడు."

"పెట్టెలు ఎవరిచ్చారు?"

"వ్యాపారే ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చాడా?"

బావమరిది కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "విను. మంట చూసి మన యజమాని దిగొచ్చాడు. షెడ్డు మూతపడదు. ఆ వ్యాపారి తెప్పించే ఓడ గొడుగులు మన షెడ్డుకి విడి భాగాలుగా వస్తాయి. మనవాళ్ళు పిడి బిగించి, చీటీ అంటించి పంపిస్తారు. చీటీ మీద మన ఫ్యాక్టరీ పేరే ఉంటుంది. ఆ పనికి కాంట్రాక్టరు ఎవరో ఒకరు ఉండాలి కదా, నన్ను ఉండమన్నారు. నీకు మొదటి బల్ల."

"ఊచలు?"

"ఊచలు అక్కణ్ణుంచే వస్తాయి. లోకమంతా ఇలాగే నడుస్తోంది బావా. నువ్వు కూర్చుని ఊచలు వంచుతానంటే ఎవరు కొంటారు చెప్పు?"

"ఎవరూ కొనరు. ఆ సంగతి మీ అక్క ఎప్పుడో చెప్పింది. నేను అడిగేది అది కాదు. నాకెందుకు చెప్పలేదు?"

వాడు నిజమే చెప్పాడు. అదొక్కటీ చెప్పకుండా ఉండాల్సింది.

"చెబితే నువ్వు వేసేవాడివి కాదు. వేసినా, ఆ మొహం వచ్చేది కాదు. అంత మంటలో ఒక్కటైనా నిజంది ఉండాలి బావా, లేకపోతే ఎవరూ నమ్మరు. నీ మొహం చూసే జనం నమ్మారు. అలాంటి మొహం మనలో ఇంకెవడికుంది?"

సొరుగు తీసి ఒక మడత గొడుగు బయటపెట్టాడు. నల్లటిది. "అక్కది ఇలాంటిదేగా. ఇంకా నయం, దీనికి గూని లేదు."

మేస్త్రీ దాన్ని తీసుకుని మీట నొక్కాడు. టప్పున విచ్చుకుంది. అన్ని మూలలూ సమంగా నిలబడ్డాయి. అలవాటు కొద్దీ అంచు దగ్గర కుట్టు మీద వేలు నడిపాడు. పొందిగ్గా ఉంది. కుట్టినావిడ మీద ఆయనకు కోపం రాలేదు. మెల్లగా మడిచి, బల్ల మీద పెట్టి, తన గూడు తను తీసుకుని బయటికి నడిచాడు.

"బావా, గొడవ చెయ్యవు కదా?" అని వెనకనుంచి వినబడింది.

మధ్యాహ్నం పొడుగోడు ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. కాంట్రాక్టు కబురు అప్పటికి బయటికి పొక్కింది. పెట్టెల సంగతి వరకే వాళ్ళకి తెలుసు, వెనకనున్న బేరం తెలీదు. ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుంటూ ఆవేశపడిపోయారు.

"సాయంత్రం మీటింగులో నువ్వు లేచి ఆ గూడు చూపించు మేస్త్రీ. వాడి పని అయిపోతుంది. మేమంతా నీ వెనకే నిలబడతాం."

"నిన్న కూడా నా వెనకే నిలబడ్డారు కదరా," అన్నాడాయన. తలుపు వేసేశాడు.

లావుపాటి ఊచను గూట్లోంచి ఊడదీసి, గుడ్డతో మసి తుడిచి, తలుపు వెనక మేకుకి తగిలించాడు. మిగతాది మంచం కిందికి తోసేశాడు. కూతురు పనినుంచి వచ్చి మేకు వైపు చూసింది. నిన్న పొద్దున్నుంచీ తండ్రితో మాట్లాడనిది, దగ్గరికొచ్చి పక్కన కూర్చుంది.

"పోనీలే నాన్నా. కోపమొచ్చి మొహం తిప్పుకున్నా గానీ, తర్వాత ఆలోచిస్తే నువ్వు చేసింది తప్పని అనిపించలేదు. అమ్మదొక్కటేనా ఏంటి? అన్ని వేల గొడుగులు కాలాయి. వాటితో పాటే అదీ."

ఆయన మసిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"మామయ్య దగ్గరికి వెళ్ళావటగా. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మరెందుకలా ఉన్నావు? ఏదో జరిగింది. చెప్పు నాన్నా."

ఆయన లేచి, మేకుకి ఊగుతున్న ఊచను వేలితో ఆపాడు.

"అడక్కు. ఇవాళే కాదు, ఎప్పుడూ అడక్కు. మంచాన పడి ఉన్నప్పుడు అడిగినా చెప్పను. నా నోట ఆ మాట ఇంక రాదు."