కాల్చిన ముక్కు

కుడిచెయ్యి వణికితే కంసాలికి కష్టం, దర్జీకీ కష్టమే. మాంసం కొట్టేవాడికైతే కష్టమనే మాట చాలదు. పాతగుంటూరులో పదిహేనేళ్లుగా మేకమాంసం అమ్ముతున్న సుభానీకి ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది అతని భార్య జానీబీ వల్ల. రోజూ అతను కొట్టు కట్టేసి ఇంటికి రాగానే ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు లెక్కపెట్టేది. అయిదూ ఉంటేనే అన్నం పెట్టేది.

బ్రాడీపేట డాక్టరు దాన్ని వణుకుడు జబ్బన్నాడు. మాత్రలు రాశాడు. మింగిన మందు ఒళ్లంతా తిరిగి మెదడుకు చేరేసరికి వీసమెత్తు మిగులుతుందని కూడా చెప్పాడు. సుభానీకి మాత్రం వాంతులు మిగిలాయి.

అది రెండువేల ఆరు. వేసవిలో ఒక పొద్దున హారిక అనే అమ్మాయి థర్మోకోల్ డబ్బా చంకన పెట్టుకుని కొట్టు దగ్గరికొచ్చింది. ఊరి బయట ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మసీ చదువుతోంది. సొంతూరు మార్టూరు, కోడిగుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. చున్నీ ముక్కుకు అడ్డంపెట్టుకుని, తనకు మేక ముక్కులు కావాలంది.

"తలకాయ తీసుకోండమ్మా, ముక్కు దాంతోపాటే వస్తది," అన్నాడు సుభానీ.

అలా కాదట. ముక్కు లోపలుండే పల్చటి పొర ఒక్కటే కావాలట. అప్పుడే కోసిన మేకది, ఐసులో పెట్టి. దాన్ని గాజుగొట్టంలో అడ్డంగా బిగించి, ఇవతల మందు పోసి, అవతలికి ఎంత దిగిందో చూస్తారట.

"ఏం మందమ్మా?"

"చేతులు వణికే జబ్బుకండీ. మందుని బుల్లి బుల్లి గుళికల్లో పెడతాం. మిరపగింజని లక్ష ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ లక్ష చేసినా అంత సన్నం రాదు. ముక్కులో వేస్తే కడుపుతో పనిలేకుండా తిన్నగా మెదడుకే పోతుంది. పోవాలి."

ఆ చివరి మాట సుభానీ వినలేదు. వణికే చేతిని తువ్వాల కిందికి లాక్కున్నాడు. తనకు కావలసిన మందు తన కొట్లోంచే పుట్టబోతోంది! నెలల తర్వాత అతనికి ఆశ పుట్టింది. మామూలు ఆశ కాదు, పిచ్చి ఆశ.

హారిక మేక తల వంక చూడలేకపోయేది. అందుకని పొర తీసే పని కూడా అతనే నేర్చుకున్నాడు. అతను పని చేస్తున్నంతసేపూ ఆమె ఎదురుగా సోడాబండి దగ్గర అటు తిరిగి నిలబడేది. అతను మోచెయ్యి మొద్దుకు గట్టిగా ఆనించి, ఊపిరి బిగబట్టి, పొర ఒలిచి డబ్బాలో పెట్టి ఇచ్చేవాడు. ఎన్నిసార్లు వచ్చినా ఆ పిల్ల అతని చెయ్యి వణకడం చూడనే లేదు.

మూడు నెలలు తిరిగేసరికి హారిక నవ్వుతూ వచ్చింది. "సుభానీ గారూ, మందు జల్లెడలో నీళ్లు పోసినట్టు దిగుతోందండీ! ఎక్కడా ఎవరికీ ఇంత దిగలేదు!" ఆమె గైడు వీరాంజనేయులు గారు సింగరాయకొండ వెళ్లి మొక్కు తీర్చుకున్నారు. హైదరాబాదు సభలో పేపరు చదివి చప్పట్లు కొట్టించుకొచ్చారు. ఇక మందొచ్చినట్టేనని జానీబీ వేళ్లు లెక్కపెట్టడం మానేసింది.

థీసిస్ ఇవ్వడానికి పది రోజులుందనగా హారిక కెమెరా పట్టుకుని వచ్చింది. పొరలు ఎక్కడ సేకరించారో ఫొటో పెట్టాలట. గుండె చిక్కబట్టుకుని మొదటిసారి మొద్దు దాకా వచ్చింది. అప్పటికి సుభానీ ఒక తలకాయను బొగ్గుల మీద తిప్పి తిప్పి కాలుస్తున్నాడు.

"ఇది ఎవరికండీ?"

"మీకేనమ్మా."

"నాకా? రోజూ కాల్చే ఇస్తున్నారా?"

"కాల్చకుండా తలకాయ ఎవరన్నా ఇస్తారా తల్లీ? మీకైతే ఇంకాస్త ఎక్కువే కాలుస్తన్నా. బొచ్చు మీ డబ్బాలో పడకూడదని."

హారిక అక్కడున్న స్టూలు మీద కూలబడింది. కాలితే ఆ పొర పొర కాదనీ, చిల్లుల గుడ్డనీ, దాంట్లోంచి మందే కాదు, ఏది పోసినా దిగుతుందనీ చెప్పింది. సుభానీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తలకాయను బొగ్గుల మీంచి తీసి పక్కన పెట్టాడు. తను చేసిన మర్యాదే తన మందును కాల్చేసింది.

మర్నాడు కాల్చని తలకాయలోంచి పొర తీసి ఇచ్చాడు. అందులోంచి మందు దిగలేదు. జానీబీ మళ్లీ లెక్క మొదలుపెట్టింది.

హారిక ఏడుస్తూ గైడు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. వీరాంజనేయులు గారు ఒక పూట తలపట్టుకుని, రెండో పూటకు తేరుకున్నారు. థీసిస్ పేరు మార్చారు: 'మేక ముక్కు పొరపై వేడి ప్రభావం'. కాలిన పొరలో మందు దిగుతుంది, కాలని పొరలో దిగదు. ఇలాంటి పరిశోధన ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ చేయలేదన్నారు. నిజమే, ఎవరు చేస్తారు? హారిక ఫస్టుక్లాసులో పాసైంది.

మిఠాయి పొట్లం తీసుకుని చెప్పడానికొస్తే, సుభానీ సంతోషించాడు. తర్వాత తువ్వాల తీసి, కుడిచెయ్యి ఆమె ముందు చాపాడు. అది గాలికి కొట్టుకుంటున్న మిరపాకులా వణుకుతోంది.

"మరి నా మందెప్పుడొస్తదమ్మా?"

హారిక ఆ చెయ్యి వంక చూసింది. "ఇన్నాళ్లూ ఈ చేత్తోనా తీసిచ్చారు? మనుషుల దాకా రావాలంటే పది పదిహేనేళ్లండీ. అసలు వస్తే."

సుభానీ తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఈ కొట్టు పెట్టకముందు పన్నెండేళ్లు మిర్చియార్డులో బస్తాలు మోశానమ్మా. ఆ ఘాటుకి ముక్కు ఏనాడో కాలిపోయింది. అత్తరు పూసినా, మురిక్కాలవ పక్కన నిలబెట్టినా నాకొకటే. కాలిన ముక్కులో దిగుతదని మీరే రాశారుగా?"

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు.

"రెండు చుక్కలు వెయ్యండి తల్లీ."

ఈసారి హారిక సోడాబండి వైపు తిరగలేకపోయింది.